క్రోమ్ చక్రాలకు కారు బాడీ రంగు వేసుకొనే పద్ధతి

క్రోమ్ పూత ఉన్న చక్రాన్ని శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, స్ప్రే డబ్బాతో బాడీ రంగు కొడితే ఆ సాయంత్రానికి అది చూడముచ్చటగానే ఉంటుంది. మొదటిసారి నేను చేసిన పని అదే. మూడో వారంలో కారును వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు ప్రెషర్ గొట్టం తగిలిన చోటల్లా రంగు పాము కుబుసంలా లేచి వచ్చింది, కింద క్రోమ్ మాత్రం చెక్కుచెదరకుండా అద్దంలా మెరుస్తూ కనిపించింది. అందులో రంగు తప్పు లేదు, గొట్టం పట్టుకొన్న కుర్రవాడి తప్పు అంతకన్నా లేదు. నునుపుగా ఉన్న క్రోమ్ మీద ఏ రంగూ పట్టు నిలుపుకోలేదన్న సంగతిని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఈ పనిలో శ్రమ అంతా ఆ మెరుపును చంపడానికే పోతుందని, రంగు కొట్టడం చివర మిగిలే ఒక పూట పని మాత్రమేనని తెలుసుకొని మొదలుపెట్టినవారికి రెండోసారి చేయవలసిన అవసరం రాదు.

నేను దృష్టిలో పెట్టుకొని రాస్తున్నది మా ఇంట్లోని పాత ఎర్ర స్విఫ్ట్ కారును, మునుపటి యజమాని బయట కొని దానికి బిగించుకొన్న నాలుగు 15 అంగుళాల క్రోమ్ అలాయ్ చక్రాలను. ఉక్కు రిమ్ములకైనా, పెద్ద కార్ల చక్రాలకైనా పద్ధతి ఇదే, పరిమాణాలు మాత్రమే మారతాయి. బాడీ రంగు చక్రాలు కొత్తగా వచ్చిన ముచ్చట కూడా కాదు. 1970ల నాటి మెర్సిడెస్ బెంజ్ కార్లకు చక్రాల మూతలు బాడీ రంగులోనే వచ్చేవి. అయితే ప్రతి కారుకూ ఇది నప్పదు. తెల్ల కారుకు తెల్ల చక్రాలు వేస్తే రెండు రోజులకే బ్రేకుల నుంచి రాలే నల్లపొడి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, వెండి రంగు కారుకు వేస్తే ఇంత శ్రమ పడిన సంగతే ఎవరి కంటా పడదు. ఎరుపు, నీలం, ముదురు ఆకుపచ్చ వంటి రంగులకు ఈ పని అందం తెస్తుందని నా అభిప్రాయం.

క్రోమ్ ఏ రకమో ముందు తేల్చుకోవాలి

బజారులో క్రోమ్ అని పిలిచేవన్నీ ఒకటి కావు. మొదటిది విద్యుత్తు సాయంతో లోహం మీద రాగి, నికెల్, క్రోమియం పొరలను ఒకదాని మీద ఒకటి ఎక్కించిన అసలు ప్లేటింగు. రెండోది మామూలు రిమ్ము ముఖానికి క్రోమ్ పూసిన ప్లాస్టిక్ తొడుగును అతికించినది. దానిని వేలి కణుపుతో తడితే లోహం మోగినట్టు కాకుండా డొల్లగా చప్పుడవుతుంది. మూడోది లోహపు పలుచని పొరను ఎక్కించి, దాని మీద పారదర్శకమైన లక్కరు కొట్టినది. మొదటిదానికీ మూడోదానికీ తేడా తెలుసుకోవడానికి చక్రం వెనుకవైపు కనిపించని చోట 400 నంబరు వాటర్ పేపరును (తడిపి రుద్దే గరుకు కాగితం, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) తడిపి నాలుగైదు సార్లు రుద్దితే చాలు. పాలలాంటి తెల్లని నీరు కారితే పైన లక్కరు ఉన్నట్టు, నీటి రంగు పెద్దగా మారకుండా కాగితమే జారిపోతున్నట్టు అనిపిస్తే అది అసలు క్రోమ్ అయినట్టు. లక్కరు ఉన్న చక్రం యజమాని అదృష్టవంతుడు, ఎందుకంటే ఆ లక్కరును తెగిపోకుండా 400, 600 నంబర్ల కాగితాలతో గరుకు చేస్తే పాత రంగు మీద కొత్త రంగు వేసినంత సులువుగా పని సాగుతుంది. ప్లాస్టిక్ తొడుగు ఉన్నదానికి ప్లాస్టిక్‌కు సరిపడే ప్రైమరు, అంటే రంగు కింద వేసే పూత, కావాలి, తొడుగు అంచులు లేచిపోతూ ఉంటే మాత్రం దానికి రంగు వేయడం దండగ.

ఇక మిగిలింది అసలు క్రోమ్. దానిలోని క్రోమియం పొర మందం సాధారణంగా మైక్రానులో (మిల్లీమీటరులో వెయ్యోవంతులో) సగానికి మించదు. కింద ఉండే నికెల్ పొర దానికి పదుల రెట్లు మందంగా ఉంటుంది. ఇంత పలుచగా ఉన్నా క్రోమియం చాలా గట్టి లోహం, పైగా గాలి తగిలిన క్షణంలోనే దాని మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడి చాలా రసాయనాలను దగ్గరకు రానివ్వదు. తుప్పును ఆపే ఆ గుణమే రంగునూ ఆపుతుంది. అందువల్ల రసాయనిక బంధాన్ని నమ్ముకోకుండా, ఉపరితలం మీద సన్నని గీతలను దట్టంగా ఏర్పరచి, ప్రైమరు ఆ గీతల్లోకి దిగి పట్టుకొనేలా చేయడం ఒక్కటే ఇంటి దగ్గర సాధ్యమయ్యే మార్గం.

చక్రం మీద క్రోమ్ ఎక్కడైనా బుడగలుగా ఉబ్బి ఉందా, అంచుల వెంట పెచ్చులుగా లేస్తున్నదా అన్నది ఎండలో పెట్టి చూడాలి. విశాఖపట్నం, కాకినాడ వంటి సముద్రతీర నగరాల్లో తిరిగిన కార్ల చక్రాలకు ఈ జబ్బు ఎక్కువ. లేస్తున్న క్రోమ్ మీద ఎంత మంచి రంగు వేసినా, కింది పొరే ఊడుతున్నప్పుడు పైది దానితో పాటే పోతుంది. చిన్న మచ్చలైతే చాకు మొనతో లేచినంత మేర గీకి తీసి, అంచును చేతికి తగలనంత వరకు అరగదీయవచ్చు. ముఖమంతా అలాగే ఉంటే ప్లేటింగు చేసే కర్మాగారంలో ఇచ్చి, విద్యుత్తు దిశను తిప్పి క్రోమ్‌ను పూర్తిగా తీయించుకోవడం మేలు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. స్నానాల గదులు కడగడానికి అమ్మే యాసిడ్‌తో క్రోమ్ పోతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం, క్రోమ్ పోవడం నిజమే. కానీ అదే ఆమ్లం కింద ఉన్న అల్యూమినియాన్ని తినేస్తుంది, ఊపిరితిత్తులను మండించే పొగలు చిమ్ముతుంది, క్రోమియం, నికెల్ లవణాలు కలిసిన నీరు చివరికి మన కాలువలోకే పోతుంది. కాస్టిక్ సోడా కూడా అల్యూమినియంకు అంతే శత్రువు. చక్రం అంటే బండి బరువును మోసే భాగమన్న సంగతిని ఒక్కసారి గుర్తు తెచ్చుకొంటే ఈ ప్రయోగాల జోలికి పోవాలనిపించదు.

పౌడర్ కోటింగు గురించి కూడా చాలామంది అడుగుతుంటారు. అది గట్టి పూతే. అయితే పొడిని చల్లిన తరువాత దాదాపు 180 నుంచి 200 డిగ్రీల వేడిలో కాల్చాలి కనుక కింద క్రోమ్‌ను ఉంచి చేయడం మంచిది కాదు, ముందుగా తీయించవలసిందే. పైగా పొడి రంగులు సిద్ధంగా ఉన్న ఛాయల్లోనే దొరుకుతాయి కాబట్టి, మెటాలిక్ బాడీ రంగుకు దగ్గరగా రావచ్చునేమో గాని అచ్చంగా కలవడం కష్టం. రంగు కలవడమే మన లక్ష్యం అయినప్పుడు ద్రవరూపంలో ఉన్న ఆటోమోటివ్ పెయింటే దారి.

రంగు కలిపించడం

ప్రతి కారుకూ కంపెనీ ఇచ్చిన రంగు సంకేతం ఒకటి ఉంటుంది. తలుపు తెరిస్తే కనిపించే స్తంభం మీదో, బానెట్ కింద ఉన్న రేకు మీదో అది ముద్రించి ఉంటుంది. కొత్త కారుకు ఆ సంకేతం చెబితే సరిపోతుంది. ఎనిమిది, పదేళ్లు ఎండలో నిలబడిన కారుకు సరిపోదు, ముఖ్యంగా ఎరుపు రంగు మనకున్న ఎండలకు ఎంతో కొంత వెలిసిపోయే ఉంటుంది. సంకేతం ప్రకారం కలిపించిన రంగు చక్రం మీద కొత్తగా, కారు దాని పక్కన పాతగా కనిపించి, రెండూ వేర్వేరు రంగులేమోనని అనుమానం కలిగిస్తాయి. దీనికి తేలికైన ఉపాయం పెట్రోలు ట్యాంకు మూతకు పైన ఉండే చిన్న తలుపును ఊడదీసి రంగులు కలిపే దుకాణానికి తీసుకుపోవడం. అది బాడీతో పాటే ఎండకు ఎండి, వానకు తడిసినది కాబట్టి కారు నేటి రంగుకు నిజమైన నమూనా. విజయవాడ ఆటోనగర్‌లోనూ, హైదరాబాద్‌లోనూ రంగును యంత్రంతో చదివి సూత్రం తీసే దుకాణాలు ఉన్నాయి. చేయి తిరిగిన మనిషి కంటితోనే చుక్క చుక్క కలిపి దగ్గరకు తెచ్చే దుకాణాలూ ఉన్నాయి. ఎక్కడైనా సరే, తలుపును ముందుగా రబ్బింగు పాలిష్‌తో తుడిచి ఇవ్వాలి, లేకపోతే యంత్రం మురికిని కూడా రంగుగానే చదువుతుంది.

దుకాణంలో కలిపిన రంగును ఒక రేకు ముక్క మీద కొట్టించి, దాని మీద లక్కరు కూడా వేయించి, ఎండలో తలుపు పక్కన పెట్టి చూసిన తరువాతే డబ్బు చెల్లించాలి. దుకాణంలోని ట్యూబులైటు కింద కలిసిన రంగు వీధిలోకి రాగానే విడిపోవడం నేను చూశాను. ముత్యపు తెలుపు వంటి మూడు అంచెల రంగులకు కింద ఒక తెలుపు, మధ్యలో ముత్యపు పొర, పైన లక్కరు ఉంటాయి. మధ్య పొరను రెండు సార్లు కొడితే ఒక ఛాయ, నాలుగు సార్లు కొడితే మరో ఛాయ వస్తుంది కనుక ఇటువంటి రంగులకు రేకు ముక్క మీద పరీక్ష లేకుండా చక్రం ముట్టుకోకూడదు.

సుమారు 15 అంగుళాల చక్రాలు నాలుగింటికి అరలీటరు ఎపాక్సీ ప్రైమరు, థిన్నరు కలిపిన తరువాత లీటరుకు దగ్గరగా వచ్చే బేస్ రంగు (లక్కరు కింద ఉండే అసలు రంగు), ముప్పావు లీటరు లక్కరు, వాటిని గట్టిపరిచే హార్డనర్లు, పలుచన చేసే థిన్నరు సరిపోతాయి. ప్రైమరు, రంగు, లక్కరు ఒకే కంపెనీవి తీసుకోవడం మంచి అలవాటు. దుకాణదారు చవకలో ఎన్‌సీ రంగు, అంటే పాత రోజుల డుకో రకం ఇస్తానంటే వద్దనాలి. బ్రేకుల వేడి, రోడ్డు మీది కంకర దెబ్బలు తట్టుకొనేది హార్డనర్ కలిపే రెండు భాగాల పీయూ (పాలీయురేథేన్) రకమే.

చక్రాలు ఊడదీయడం

జాకీ ఎక్కించక ముందే, చక్రం నేల మీద ఉండగానే నట్లను పావు చుట్టు వదులు చేసుకోవాలి. స్టెప్నీతో కలిపి ఒక్కో చక్రాన్ని మార్చుకొంటూ పోతే కారు నాలుగు రోజులు గాలిలో నిలబడవలసిన అవసరం ఉండదు. ఒకేసారి నాలుగూ తీయదలచుకొంటే కారును జాకీ మీద వదలకుండా గట్టి స్టాండుల మీద దించాలి. ఇటుకలు పేర్చి వాటి మీద కారును నిలబెట్టడం చాలాచోట్ల కనిపించే అలవాటే గాని, ఇటుక చెప్పి పగలదు.

టైరును పంచర్ షాపులో తీయించుకోవడం ఉత్తమం. టైరు ఉండగా కూడా పని చేయవచ్చు. గాలి తీసి, రిమ్ము అంచుకూ టైరుకూ మధ్య పాత పేక ముక్కలను వరసగా దూర్చితే అవి తడికెలా నిలబడి టైరును కాపాడతాయి. కానీ అంచుకు కింద, టైరు కప్పి ఉంచిన సన్నని వలయంలో క్రోమ్ అలాగే మిగిలిపోయి, ప్రైమరు ఊడడం ఎప్పుడూ అక్కడినుంచే మొదలవుతుంది. దానికి తోడు టైరుకు పూసే పాలిష్‌లోని సిలికాన్ రంగుకు బద్ధశత్రువు. అది వేలికి అంటుకొని రిమ్ము మీదకు చేరితే రంగు ఆ చోట అంటకుండా చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. టైరు తీయించేటప్పుడే బ్యాలెన్సింగ్ సీసపు ముక్కలను, పాత వాల్వులను కూడా తీయించాలి. గాలి ఒత్తిడిని చూపే సెన్సార్లు ఉన్న కారైతే ఆ సంగతి షాపువారికి ముందే చెప్పాలి, ఎందుకంటే అవి వాల్వుకే తగిలించి ఉంటాయి.

మెరుపును చంపడం

మొదటి పని కడగడం. గిన్నెలు తోమే ద్రవసబ్బుతో, పాత టూత్ బ్రష్షుతో నట్ల గుంటల దాకా తోమి, తారు మరకలనూ, సీసపు ముక్కల బంకనూ పెయింట్ దుకాణాల్లో దొరికే గ్రీజు తొలగించే ద్రవంతో తుడవాలి. కిరోసిన్ వాడకూడదు, అది ఎండినట్టు కనిపించినా నూనె పొరను వదిలిపోతుంది. గ్రీజు పోకముందే కాగితంతో రుద్దితే ఆ గ్రీజు గీతల్లోకి దిగిపోతుందన్న మాట పెయింటర్లందరికీ తెలుసు, తొందరలో అందరూ మరచిపోతారు.

రుద్దడం 180 లేదా 220 నంబరు వాటర్ పేపరుతో ప్రారంభించాలి. అసలు క్రోమ్ మీద 400తో మొదలుపెడితే ఉదయం నుంచి సాయంత్రం దాకా రుద్దినా మెరుపు తగ్గదు. పక్కన బకెట్టులో సబ్బు చుక్కలు వేసిన నీళ్లు పెట్టుకొని, కాగితాన్ని తరచుగా ముంచుతూ, ఒకే దిక్కుకు కాకుండా అడ్డంగానూ నిలువుగానూ రుద్దాలి. సబ్బు బదులు షాంపూ ప్యాకెట్టు చించి పోసేవారు ఉన్నారు. జుట్టు మెత్తబడటానికి చాలా షాంపూల్లో సిలికాన్ కలుపుతారు కాబట్టి ఆ పని వద్దు. తడిగా రుద్దడానికి మరో కారణం కూడా ఉంది. క్రోమియం, నికెల్ కలిసిన ఆ పొడి పీల్చదగినది కాదు. నికెల్ పడని చర్మాలు కూడా ఉంటాయి కనుక చేతి తొడుగులు వేసుకోవాలి, అడుగున చేరిన బురదను పెరటి మొక్కల్లో పారబోయకూడదు.

ఆకుల వంటి కమ్మీలు కలిసే మూలల్లోకి కాగితం వెళ్లదు. అక్కడ మెరూన్ రంగు స్కాచ్‌బ్రైట్ పీచును చిన్న ముక్కలుగా కోసి, వేలితో నొక్కి తిప్పాలి. వంటింటి పచ్చ పీచు ఈ గట్టిదనానికి చాలదు. చక్రాన్ని చెడగొట్టేవి ఎప్పుడూ ఈ మూలలే. ముఖమంతా బూడిద రంగుకు వచ్చిందన్న సంతోషంలో వాటిని వదిలేస్తాము, ఆరు నెలలకు రంగు సరిగ్గా అక్కడే పెచ్చు లేస్తుంది.

రుద్దుతున్నప్పుడు లోహం రంగు మారడాన్ని గమనిస్తే ఏ పొరలో ఉన్నామో తెలుస్తుంది. నీలిఛాయ ఉన్న తెలుపు క్రోమ్. అది తెగి, కాస్త పసుపు వెచ్చదనం ఉన్న తెలుపు కనిపిస్తే నికెల్ పైకి వచ్చినట్టు, కుంకుమ మచ్చలా ఎర్రగా కనిపిస్తే రాగి, మసక బూడిద రంగు వస్తే అల్యూమినియం. క్రోమ్ అంతటినీ తీసివేయవలసిన పని లేదు, అక్కడక్కడ నికెల్ కనిపించినా భయపడనక్కర లేదు. కావలసిందల్లా ఎక్కడా అద్దపు మెరుపు మిగలకపోవడం. 180 తరువాత 320తో మరొకసారి రుద్ది గీతల లోతు తగ్గించాలి. అంతకన్నా నునుపు చేస్తే పట్టు పోతుంది.

పని పూర్తయిందో లేదో తేల్చడానికి నాకు తెలిసిన నమ్మకమైన పరీక్ష నీటిది. చక్రాన్ని బాగా కడిగి, వాలుగా పట్టుకొని మంచినీళ్లు పోయాలి. నీరు విరగకుండా పలుచని దుప్పటిలా మొత్తం పరచుకొని జారితే చక్రం సిద్ధం. తామరాకు మీద బొట్టులా ఎక్కడైనా ముత్యాలు కట్టితే అక్కడ గ్రీజైనా ఉంది, మెరుపైనా మిగిలి ఉంది. నా మొదటి చక్రం ఈ పరీక్షలో మూడుసార్లు తప్పింది, మూడుసార్లూ వాల్వు రంధ్రం పక్కనే. చేత్తో రుద్దేవారు ఒక్కో చక్రానికి కనీసం రెండు గంటలు వేసుకోవాలి, మూలలు ఎక్కువ ఉన్న డిజైను అయితే ఒక సాయంత్రం ఒక చక్రానికే సరిపోతుంది.

రంగు పడకూడని చోట్లు

ప్రైమరు పట్టుకోబోయే ముందు మూడు చోట్లను మూసివేయాలి. ఒకటి, చక్రం వెనుక హబ్బుకు ఆనుకొనే చదునైన ముఖం. రెండు, నట్టు కూర్చొనే శంకువు ఆకారపు గుంటలు. మూడు, టైరు అంచు బిగిసి కూర్చొనే లోపలి వలయం. మొదటి రెండింటి విషయంలో ఇది అందానికి సంబంధించిన మాట కాదు. నట్టు గుంటలో మూడు నాలుగు పొరల రంగు ఉంటే, నట్టు బిగించినప్పుడు గట్టిగానే ఉన్నట్టు అనిపించి, వందల కిలోమీటర్ల ప్రయాణంలో ఆ రంగు నలిగి పలుచబడి, నట్టు వదులవుతుంది. గుంటల్లో పాత నట్లను గాని, గట్టిగా చుట్టిన కాగితపు ఉండలను గాని దూర్చి, అంచుల వెంట మాస్కింగ్ టేపు వేయాలి. గ్రీజు పూసి రంగు అంటకుండా చేస్తామనే వారి మాట వినకూడదు. అది తుంపర్లతో పాటు చుట్టూ పాకుతుంది.

ప్రైమరు

చక్రాన్ని పూర్తిగా ఆరబెట్టి, గ్రీజు తొలగించే ద్రవంతో ఒక గుడ్డతో తుడిచి, అది ఆరకముందే మరో పొడి గుడ్డతో తుడవాలి. ఒకే గుడ్డతో రెండు పనులూ చేస్తే గ్రీజు చోటు మారుతుందే గాని పోదు. ఆ తరువాత ఒట్టి చేతితో ముట్టుకోకూడదు.

ఏ ప్రైమరు అన్న విషయంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. లోహాన్ని ఆమ్లంతో కొరికి పట్టుకొనే ఎచింగ్ ప్రైమరు ఉక్కు మీద, అల్యూమినియం మీద బాగా పనిచేస్తుంది. క్రోమ్‌ను అది పెద్దగా కొరకలేదు. అందుకే నేను హార్డనర్ కలిపే రెండు భాగాల ఎపాక్సీ ప్రైమరు వైపే ఉంటాను. క్రోమ్, నికెల్, అల్యూమినియం మూడూ కలగాపులగంగా బయటపడిన ఉపరితలం మీద కూడా అది సమానంగా పట్టుకొంటుంది. నిష్పత్తి, కలిపిన తరువాత ఆగవలసిన సమయం డబ్బా మీద రాసి ఉంటాయి, వాటిని అంచనాతో మార్చకూడదు. పలుచగా ఒక పొర, పది పదిహేను నిమిషాల తరువాత నిండుగా ఒక పొర చాలు.

వెనుకవైపు ప్రైమరు బాగా గట్టిపడిన తరువాత, మరునాడో ఆ మరునాడో, ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. బ్లేడుతో నిలువుగా ఆరు, అడ్డంగా ఆరు గీతలు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల ఎడంతో గీసి, వాటి మీద గట్టి టేపు అతికించి ఒక్కసారి లాగాలి. గళ్లు అలాగే నిలిస్తే ముందుకు పోవచ్చు. గళ్లు టేపుతో వచ్చేస్తే బాధగా ఉంటుంది గాని, మళ్లీ రుద్దవలసి వచ్చేది ప్రైమరునే, ఖరీదైన రంగును కాదు.

180 నంబరు గీతలు ఇంకా కనిపిస్తుంటే ఎపాక్సీ మీద గీతలను నింపే ఫిల్లర్ ప్రైమరు ఒక పొర వేసి, ఎండిన తరువాత 600తో తడిగా నునుపు చేయాలి. గుంటలు ఉంటే లప్పం కూడా ఈ దశలోనే, ఎపాక్సీ మీదే పెట్టాలి. కింది ప్రైమరు ఛాయ పైరంగును మారుస్తుందని గుర్తుంచుకోవాలి. ఎరుపు, పసుపు వంటి పలుచని రంగుల కింద ఏ ఛాయ బూడిద రంగు వేయాలో రంగు కలిపిన దుకాణంలోనే అడిగి తెలుసుకోవాలి.

రంగు, లక్కరు

కోస్తా జిల్లాల్లో ఈ పనికి శివరాత్రి తరువాతి నెల మంచి కాలం. మే నెల మధ్యాహ్నం విజయవాడలో రంగు కొడితే తుంపర గాలిలోనే ఎండి చక్రం మీద ఉప్పుకాగితంలా కూర్చుంటుంది. తప్పనిసరైతే నిదానంగా ఆరే థిన్నరు తీసుకొని ఉదయమే ముగించాలి. వాన ముసురులో లక్కరు పాలిపోయి తెల్లని మసక వస్తుంది. అపార్టుమెంటు సెల్లారులో కొట్టడం మాత్రం ఏ కాలంలోనూ తగదు. ఎర్రని తుంపర పక్కింటివారి తెల్లకారు మీద ధూళిలా పడిన తరువాత వారికి నచ్చజెప్పడం చక్రానికి రంగు వేయడం కన్నా కష్టం.

పీయూ రకం హార్డనర్లలో ఐసోసయనేటు అనే రసాయనం ఉంటుంది. దాని తుంపర పీలిస్తే ఆస్తమా రావచ్చు, ఒకసారి పడకుండా పోయినవారికి ఆ తరువాత కొంచెం తగిలినా ప్రమాదమే. ముక్కుకు కట్టుకొన్న రుమాలు, పలుచని కాగితపు మాస్కు దేనికీ పనికిరావు. రసాయనిక ఆవిరిని పట్టే కార్ట్రిడ్జులున్న మాస్కు, కళ్లజోడు, తొడుగులు వేసుకొని, బాగా గాలి ఆడే చోట, పిల్లలను దూరంగా పంపి పని చేయాలి. ఈ ఏర్పాట్లు కుదరకపోతే, చక్రాలను రుద్దడం వరకు ఇంట్లో ముగించి, ప్రైమరు నుంచి టింకరింగ్ షాపుకు అప్పగించవచ్చు. అందులో చిన్నతనం ఏమీ లేదు, షాపువాడు సరిగ్గా రుద్దడేమోనన్న బెంగ కూడా తీరిపోతుంది.

చక్రాన్ని తిరగేసిన బకెట్టు మీద పడుకోబెడితే రంగు కారదు, చుట్టూ తిప్పడమూ సులువు. స్ప్రే గన్ను ముక్కు 1.3 లేదా 1.4 మిల్లీమీటర్లది, దూరం ఒక జానెడు. ముందుగా కమ్మీల పక్క గోడలను, మూలలను పలుచగా కొట్టి, ఆ తరువాతే ముఖాన్ని కొట్టాలి. ముఖం ముందు కొట్టి మూలల కోసం వెనక్కు వస్తే ముఖం మీద రంగు మందమై కారుతుంది. మూడు పలుచని పొరలు, ప్రతి రెండింటి మధ్య పది పదిహేను నిమిషాలు. బేస్ రంగు ఎండాక మెరుపు లేకుండా సున్నంలా కనిపించి కారు రంగుతో కలవలేదేమో అనిపిస్తుంది, లక్కరు పడే వరకు ఆ తీర్పు ఇవ్వకూడదు. మెటాలిక్ రంగులకు చివరి పొరను కాస్త దూరం నుంచి పొగలా తేలికగా వదిలితే అల్యూమినియం రేణువులు మచ్చలు కట్టకుండా సమంగా పరచుకొంటాయి.

కమ్మీల వెనుక కనిపించే లోపలి గొట్టానికి కూడా బాడీ రంగే వేయాలా అన్న ప్రశ్న వస్తుంది. క్రోమ్‌ను అలాగే వదిలేస్తే ఎర్ర కమ్మీల మధ్య నుంచి అద్దం ముక్కలు తొంగిచూసినట్టు ఉంటుంది. నేను అక్కడ ముదురు బూడిద రంగు వేశాను. బ్రేకు పొడి కనిపించదు, ఎరుపు ఇంకా నిండుగా తేలుతుంది.

లక్కరును రంగు పొడిబారిన తరువాత, డబ్బా చెప్పిన గడువు దాటకముందే కొట్టాలి. మొదటి పొర మధ్యస్థంగా, రెండోది తడిగా. మూడోది కంకర రోడ్ల మీద తిరిగే కారుకు మాత్రమే. హార్డనర్ కలిపిన లక్కరు కొన్ని గంటల్లో గన్నులోనే గట్టిపడుతుంది కనుక పని ముగిసిన వెంటనే గన్నును థిన్నరుతో కడగాలి. డబ్బా అడుగున మీట నొక్కితే లోపలే హార్డనరు కలిసే రకం స్ప్రే డబ్బాలు కూడా వస్తున్నాయి. గన్ను లేనివారికి అవి మేలు, నొక్కిన తరువాత మాత్రం ఆ ఒక్క రోజులోనే వాడేయాలి.

తిరిగి బిగించడం

మాస్కింగ్ టేపును లక్కరు ఇంకా పూర్తిగా గట్టిపడకముందే, ఏటవాలుగా లాగి తీయాలి. ఒక రోజుకు చక్రం చేతికి అందుకోదగినట్టు ఆరినా, టైరు ఎక్కించే యంత్రం దవడలకు ఇవ్వడానికి కనీసం వారం ఆగడం మంచిది. టైరు షాపులో రిమ్మును బయటి అంచుతో పట్టే యంత్రమా, లోపలి నుంచి పట్టే యంత్రమా అని అడిగి, అంచు మీద ప్లాస్టిక్ తొడుగు వేయమని దగ్గర నిలబడి చెప్పాలి. నాలుగు చక్రాల్లో ఒకదాని అంచు నాకు అక్కడే చెక్కుకుపోయింది, నేను టీ తాగడానికి వెళ్లిన పది నిమిషాల్లో. బ్యాలెన్సింగ్ ముక్కలు అంచుకు కొట్టేవి కాకుండా లోపల అతికించేవి పెట్టమనాలి.

నట్లను ఎదురెదురుగా ఉన్న క్రమంలో, నక్షత్రం గీసినట్టు బిగించాలి. ఎంత బలంతో అన్నది కారు పుస్తకంలో ఉంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 85 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. గాలి గన్నుతో బిగిస్తే సాకెట్టు తిరిగి గుంట చుట్టూ ఉన్న కొత్త రంగును గుండ్రంగా గీరేస్తుంది కాబట్టి చేతి స్పానరుతో, సాకెట్టుకు ఒక పొర టేపు చుట్టి బిగించడం మేలు. 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగిన తరువాత నట్లను మరొకసారి సరిచూడాలి.

మొదటి నెల రోజులు ప్రెషర్ వాటర్ సర్వీసింగ్‌కు, ఆమ్లం కలిసిన చక్రాల క్లీనర్లకు దూరంగా ఉండి, బకెట్టు నీళ్లతో కడిగితే చాలు. తిరుమల, శ్రీశైలం ఘాట్ దిగి వచ్చినప్పుడు చక్రాలు బాగా వేడెక్కి ఉంటాయి, ఆ వేడి మీద చల్లని నీళ్లు చల్లకూడదు. మిగిలిన బేస్ రంగును చిన్న గాజు సీసాలో, గాలి లేకుండా అంచు దాకా నింపి, మూత మీద తేదీ రాసి దాచుకోవాలి. రాయి తగిలి లేచిన చిన్న పెచ్చుకు సన్నని కుంచెతో ఒక చుక్క పెట్టి, ఆరిన తరువాత లక్కరు చుక్క పెడితే నీరు కిందికి దిగి పొరను లేపకుండా ఆగుతుంది. టీ తాగి వచ్చేసరికి చెక్కుకుపోయిన నా చక్రం అంచు రెండేళ్లుగా ఆ చుక్క మీదే నిలిచి ఉంది.